సిబిల్ నంబర్ 300 దాటిందా, అంతే సంగతులు: సైకో-పాస్ మొదటిసారి చూసేవాళ్ళ కోసం

మా బాబాయ్ కొడుకు పోయిన వారం ఫోన్ చేసి "అన్నా, ఆ ఫ్యూచర్ పోలీసుల అనిమే చూడమన్నావు కదా, ఒక ఎపిసోడ్ చూసా, ఓ మోస్తరుగా ఉంది, కంటిన్యూ చెయ్యమంటావా వదిలెయ్యమంటావా" అన్నాడు. ఎలా చూశావురా అంటే మెట్రోలో, ఫోన్‌లో, ఒకటిన్నర స్పీడ్‌లో అంట. వాణ్ణి తిట్టే హక్కు నాకు లేదు లెండి, ఎందుకంటే నేను మొదటిసారి ఇంతకంటే ఘోరంగా చూసా, రాత్రి పన్నెండింటికి, ఒళ్ళో పెరుగన్నం ప్లేటు, పక్కన క్రికెట్ హైలైట్స్ నడుస్తున్నాయి, సబ్‌టైటిల్స్ సగం చదివీ సగం చదవకా, ఇంతలో స్క్రీన్ మీద ఒక మనిషి బెలూన్‌లా ఉబ్బి పేలిపోయాడు, ప్లేటు పక్కన పెట్టి ల్యాప్‌టాప్ మూసేసా. నా ఫస్ట్ ఇంప్రెషన్ అప్పుడు ఒక్క లైను: రొటీన్ పోలీసు కథ, రక్తం ఎక్కువ. ఎనిమిది నెలల తర్వాత వేరే ఏం దొరక్క మళ్ళీ పెట్టా, అప్పుడు తెలిసింది నేను అసలు చూడాల్సింది చూడలేదని.

అందుకని వాడికి వాట్సాప్‌లో పెద్ద వాయిస్ నోట్ పెట్టేబదులు ఇదంతా రాసేస్తున్నా, ఇంకెవరికైనా కూడా పనికొస్తుంది. వాడు చూసిన ఆ అనిమే, అంటే జపనీస్ బొమ్మల సీరియల్, పేరు సైకో-పాస్, దాన్ని మొదలుపెట్టడం ఎలా, మొదటి ఐదారు ఎపిసోడ్లు ఏం పట్టుకుని చూడాలి, మీ అభిప్రాయం మీరే ఎలా కట్టుకోవాలి, అంతే. స్పాయిలర్లు దాదాపు లేవు, మొదటి ఎపిసోడ్ గురించి మాత్రం వివరంగా మాట్లాడతా, అది చూశాకే ఆ భాగం చదవాలనుకుంటే అలాగే కానివ్వండి.

ముందు ఏ వెర్షన్ చూడాలో తేల్చుకోండి, ఎందుకంటే ఈ పేరుతో వెతికితే ఒక గుట్ట వస్తుంది. మీకు కావాల్సింది 2012 అక్టోబర్ నుంచి 2013 మార్చి దాకా జపాన్‌లో ఫూజీ టీవీలో అర్ధరాత్రి స్లాట్‌లో వచ్చిన మొదటి సీజన్, 22 ఎపిసోడ్లు, ఒక్కోటి ఇరవై రెండు ఇరవై మూడు నిమిషాలు. ఇదే సీజన్‌ని 2014లో రెండేసి ఎపిసోడ్లు కలిపి, కొంచెం కొత్త సీన్లు చేర్చి, గంట గంట చొప్పున 11 ఎపిసోడ్లుగా మళ్ళీ వేశారు, దాన్ని ఎక్స్‌టెండెడ్ ఎడిషన్ అంటారు, మీ యాప్‌లో అది కనిపించినా ముట్టుకోకండి, చెడ్డదని కాదు, మొదటిసారికి మాత్రం వద్దు. ఎపిసోడ్ అయిపోయి ఎండింగ్ పాట పడే ఆ ఒకటిన్నర నిమిషం మనకి ఆలోచించుకోడానికి ఇచ్చిన టైమ్, రెండు ఎపిసోడ్లు అతికిస్తే ఆ గ్యాప్ పోతుంది. రెండో సీజన్, సినిమాలు, మూడో సీజన్ ఇవన్నీ ఇప్పుడు మర్చిపోండి, మొదటి సీజన్ ఒక్కటే పూర్తి కథ, అక్కడ ఆపేసినా ఏమీ లోటుండదు.

ఇంకో మాట, పేర్లు గూగుల్ చెయ్యొద్దు. ఏ క్యారెక్టర్ పేరు కొట్టినా ఆటోగా వచ్చే సజెషన్లలోనే సగం కథ చెప్పేస్తారు, యూట్యూబ్ తంబ్‌నెయిల్స్ అయితే ఇంకా దారుణం. వీకీ పేజీ అస్సలు తెరవద్దు. కామెంట్లు కూడా.

భాష సంగతి. నేను జపనీస్ ఆడియో, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో చూసా, అదే చెప్తా. ఇందులో మాటలు ఎక్కువ, అవీ బరువైన మాటలు, కాబట్టి స్పీడ్ పెంచి చూస్తే ఏమీ ఎక్కదు. కథలో ముఖ్యమైన అమ్మాయి అకానెకి కానా హనజావా గొంతు, మొదట్లో కాలేజీ నుంచి నిన్నే బయటికొచ్చిన పిల్లలా మెత్తగా ఉంటుంది, ఎపిసోడ్లు గడిచేకొద్దీ ఆ గొంతు ఎలా మారుతుందో వినడానికే ఒకసారి మొత్తం సీజన్ చూడొచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, ఎందుకో గన్ దగ్గరికొచ్చాక చెప్తా.

ఇప్పుడు ప్లే నొక్కేముందు తెలియాల్సిన సంగతి. కథ 2112లో, టోక్యోలో. సిబిల్ సిస్టం అనే ఒక వ్యవస్థ ఉంటుంది, అది ప్రతి మనిషి మనసునీ కొలుస్తుంది. అవును సిబిల్, పేరు వినగానే మనందరికీ లోనే గుర్తొస్తుంది, నేనైతే మొదటి రెండు ఎపిసోడ్లు ఆ పేరు వినపడినప్పుడల్లా నవ్వుకున్నా. వాళ్ళది పాత గ్రీకు కథల్లో జోస్యం చెప్పే ఆడవాళ్ళ పేరు, మన క్రెడిట్ స్కోరుకీ దానికీ సంబంధం లేదు, కానీ మన తెలుగువాళ్ళకి ఈ సిరీస్ అర్థం కావడానికి ఇంతకంటే మంచి దారి ఇంకోటి లేదు కూడా. మన సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా ఉంటుంది, ఎక్కువుంటే మంచిది, తక్కువుంటే బ్యాంకు వాడు ముఖం తిప్పుకుంటాడు, ఎందుకు తగ్గిందిరా బాబూ అంటే ఎవడూ సరిగ్గా చెప్పడు. అక్కడ తిరగేసి. క్రైమ్ కోఎఫిషియెంట్ అని ఒక నంబర్, ఎంత తక్కువుంటే అంత మంచోడు. 100 లోపు ఉంటే మామూలు మనిషి. 100 దాటితే లేటెంట్ క్రిమినల్, అంటే నువ్వు ఇంకా ఏ తప్పూ చెయ్యలేదు కానీ చేసే రకం అని ముద్ర, పట్టుకెళ్ళి ట్రీట్‌మెంట్‌కి పంపేస్తారు. 300 దాటితే అక్కడికక్కడే చంపెయ్యొచ్చు. మన దగ్గర 300 అంటే లోన్ రాదు, అక్కడ ప్రాణం పోద్ది, తేడా అంతే.

నంబర్‌తో పాటు రంగు కూడా ఉంటుంది, హ్యూ అంటారు. మనసు ప్రశాంతంగా ఉంటే లేత రంగు, ఒత్తిడి పెరిగేకొద్దీ మసకబారుతుంది. వీధుల్లో స్కానర్లు పెట్టి నడిచేవాళ్ళందర్నీ చదువుతుంటారు. పొద్దున్నే లేచి మన పెద్దోళ్ళు షుగర్ చూసుకున్నట్టు వాళ్ళు హ్యూ చూసుకుంటారు, ఇవాళ బానే ఉంది అని సంతోషపడతారు. ఈ చిన్న విషయం దగ్గర కాసేపు ఆగండి, ఎందుకంటే ఈ కథలో జనం భయంతో బతకట్లేదు, హాయిగా ఉన్నారు. ఇనుప బూట్ల పోలీసులు, చీకటి వీధులు, ఆకలి అలాంటివి ఊహించుకుని కూర్చుంటే దెబ్బతింటారు. తలుపుకి తాళం వెయ్యక్కర్లేదు అనుకునే ఊరు అది. ఉద్యోగం ఏదో సిబిల్ చెప్తుంది, సంబంధం కుదురుతుందో లేదో కూడా సిబిల్ చెప్తుంది, జాతకాల పని పోయిందన్నమాట.

పోలీసుల్లో రెండు రకాలు. ఇన్‌స్పెక్టర్లు నంబర్ బాగున్నవాళ్ళు. ఎన్‌ఫోర్సర్లు అంటే వాళ్ళే లేటెంట్ క్రిమినల్స్, నేరస్థుడి మనసు నేరస్థుడికే తెలుస్తుంది కాబట్టి వాళ్ళని వేటకుక్కల్లా వాడతారు, ఇన్‌స్పెక్టర్ తోడు లేకుండా బయట అడుగు పెట్టనివ్వరు. జపనీస్‌లో ఇన్‌స్పెక్టర్‌ని కన్‌షికన్ అంటారు, నిఘా పెట్టే అధికారి అని, అంటే దొంగల మీద కాదు, పక్కనున్న సొంత టీమ్ మీదే నిఘా. ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌లో ఆ అర్థం ఎగిరిపోతుంది. ఎన్‌ఫోర్సర్ షిక్కోకన్, లేటెంట్ క్రిమినల్ సెన్‌జైహన్, ఈ మూడు మాటలు చెవిలో వేసుకుంటే సబ్‌టైటిల్ చూడకుండానే సగం సీన్ తెలిసిపోతుంది.

సరే, మొదటి ఎపిసోడ్.

మొదలవగానే ఇద్దరు మగవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుంటారు, పరిచయం ఉండదు, ఏమీ అర్థం కాదు. అర్థం చేసుకోవాలని పాజ్ చేసి వెనక్కి తిప్పకండి, అది తర్వాత జరగబోయేది ముందుగా చూపించిన ముక్క, వదిలెయ్యండి. అసలు కథ వానలో మొదలవుతుంది. అకానె త్సునెమొరి, ఇరవై ఏళ్ళ అమ్మాయి, ఇన్‌స్పెక్టర్‌గా మొదటి రోజు. సీనియర్ గినోజా ఆమెకి చెప్పే మొదటి పాఠం ఏంటంటే ఇప్పుడు బండిలోంచి దిగేవాళ్ళని మనలాంటి మనుషులు అనుకోకు అని. అప్పుడు వ్యాన్ తలుపు తెరుచుకుంటుంది, లోపల్నుంచి ఎన్‌ఫోర్సర్లు దిగుతారు. ఇక్కడ మీ కన్ను సహజంగా వాళ్ళలో కోగామి అనేవాడి మీదకి పోతుంది, నల్ల సూటు, తడిసిన జుట్టు, కోపం ముఖం, హీరో అంటే ఇలాగే ఉంటాడు కదా అని మనకి అలవాటు. నా గైడ్ మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోండి అంటే ఇదే చెప్తా, కోగామిని కాదు, అకానెని చూడండి. ఆ ఎపిసోడ్ అంతా ఆమె ఏం చేస్తోందో కాదు, ఏం చెయ్యలేక ఆగిపోతోందో చూడండి.

ఆ రోజు కేసు ఏంటంటే, ఒకడు వీధిలో స్కానర్‌కి దొరికాడు, ట్రీట్‌మెంట్‌కి రానని పారిపోయి ఒక అమ్మాయిని బందీగా పట్టుకున్నాడు. వాడి పని కోగామి గన్‌తో అయిపోతుంది, నేను పెరుగన్నం పక్కన పెట్టింది అక్కడే. నేను ల్యాప్‌టాప్ మూసేసిన చోటే అసలు కథ మొదలవుతుందని అప్పుడు నాకేం తెలుసు. బందీగా ఉన్న అమ్మాయి బతికింది, కానీ ఆమె మీద జరిగినదానికి, కళ్ళముందు పేలిన మనిషి రక్తం ముఖాన పడ్డందుకు, ఆమె మనసు చెదిరిపోయింది. మనసు చెదిరితే నంబర్ పెరుగుతుంది. గన్ ఆమె వైపు తిప్పితే గన్ ఏమంటుందో తెలుసా, ఈమెని కూడా కాల్చొచ్చు అంటుంది. బాధితురాలు ఐదు నిమిషాల్లో నేరస్థురాలైపోయింది.

ఇక్కడ గన్ గురించి. దాని పేరు డామినేటర్. ఎవరి మీద గురిపెడితే వాళ్ళ నంబర్ చదివి గన్నే నిర్ణయిస్తుంది, 100 లోపైతే ట్రిగ్గర్ లాక్, నువ్వు ఎంత నొక్కినా కదలదు. 100 పైన 300 లోపు మత్తుగా పడేసే మోడ్. 300 దాటితే గన్ ఆకారం విచ్చుకుని చంపే మోడ్‌లోకి మారిపోతుంది. అది మారుతున్నప్పుడు ఒక ఆడగొంతు వినిపిస్తుంది, నోరికో హిదాకా ఇచ్చిన గొంతు, రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్ అంత మర్యాదగా, ఏ కోపం లేకుండా, జాగ్రత్తగా గురి చూడండి అన్నట్టు చెప్తుంది. ఆ గొంతు గన్ పట్టుకున్నవాళ్ళకి మాత్రమే వినిపిస్తుంది, పక్కనున్నవాళ్ళకి కాదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకోమన్నది ఇందుకే, ఆ గొంతు చెవిలో పడితే గన్ మీ చేతిలో ఉన్నట్టే ఉంటుంది.

మళ్ళీ ఆ సీన్‌కి వద్దాం. ఆ అమ్మాయి పారిపోయి పెట్రోల్ లాంటిదేదో కారిన చోట లైటర్ పట్టుకుని నిలబడింది. కోగామి గన్ చంపే మోడ్‌లో ఉంది, గురి పెట్టాడు. అకానె కోగామిని కాల్చింది. తన టీమ్ మనిషినే, మొదటి రోజే, వెనకనుంచి. కోగామి కూడా లేటెంట్ క్రిమినలే కాబట్టి గన్ ఒప్పుకుంది, వాడు కుప్పకూలాడు. ఇక అప్పుడు అకానె ఆ అమ్మాయితో మాట్లాడుతుంది, లైటర్ కింద పెట్టమని బతిమాలుతుంది, ఏ గొప్ప డైలాగూ లేదు, నాకు నిన్ను కాపాడాలనుంది అన్నట్టు, ఏడుపు గొంతుతో. మాట్లాడుతుంటే నంబర్ తగ్గింది. గన్ చంపే మోడ్ నుంచి మత్తు మోడ్‌కి దిగింది. గినోజా వచ్చి మత్తు షాట్ కొట్టేశాడు, అమ్మాయి బతికింది.

ఈ ఇరవై ముప్పై సెకన్లు నేను రెండోసారి చూసినప్పుడు మూడుసార్లు వెనక్కి తిప్పా. ఎందుకంటే అప్పటిదాకా ఆ ఊళ్ళో అందరూ నంబర్ అంటే మనిషి లోపలి నిజం అనుకుంటున్నారు, ఎక్స్‌రే లాగా. ఎదురుగా ఎవరో నిలబడి రెండు మంచి మాటలు మాట్లాడితే దిగిపోయే నంబర్ ఎక్స్‌రే ఎలా అవుద్ది, బీపీ అవుద్ది. హాస్పిటల్‌కి పోగానే పెరిగి ఇంటికొచ్చాక దిగే బీపీ. దాన్ని చూసి మనుషుల్ని చంపుతున్నారు. ఈ సంగతి అక్కడ ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మీరే పట్టుకోవాలి, ఫోన్‌లో ఒకటిన్నర స్పీడ్‌లో చూస్తే దొరకదు, మా తమ్ముడికి దొరకలేదు, నాకూ దొరకలేదు.

ఎపిసోడ్ అవ్వగానే ఆటోప్లే ఆపెయ్యండి. ఫోన్ నోట్స్ తీసి మూడు లైన్లు రాయండి. ఒకటి, అకానె చోట మీరుంటే కోగామిని కాల్చేవాళ్ళా. రెండు, ఈ కథకి హీరో ఎవరు అనిపిస్తోంది. మూడు, ఆ ఊళ్ళో మీకు బతకాలనుందా లేదా, నిజాయితీగా. మూడోదానికి చాలామంది ఉంది అనే రాస్తారు, నేనూ రాశా, దొంగతనాల్లేవు, ఉద్యోగం గ్యారంటీ, ఇంకేం కావాలి. రాసి దాచుకోండి, మళ్ళీ తీసి చూసుకునే రోజు వస్తుంది.

రెండో ఎపిసోడ్ దగ్గర చాలామంది బోర్ అంటారు. ఫైటింగ్ తక్కువ, అకానె పొద్దున్నే లేవడం, గులాబీ రంగు జెల్లీ ఫిష్ బొమ్మ లాంటి అసిస్టెంట్ వచ్చి ఇవాళ హ్యూ బాగుందని చెప్పడం, గది గోడలు బటన్‌తో మారడం, బట్టలు హోలోగ్రామ్‌లో మారడం. బోర్ కొట్టినా ఊరుకోండి, ఇందులో ఒక సంభాషణ ఉంది, కగారి అనే ఎన్‌ఫోర్సర్ అకానెని ఈ ఉద్యోగానికి ఎందుకొచ్చావు అని అడుగుతాడు. ఆమెకి సిబిల్ టెస్టుల్లో అన్నీ టాప్, ఎక్కడికైనా పోవచ్చు, మిగతావాళ్ళెవరికీ రాని చోటు ఇదొక్కటే కాబట్టి ఇక్కడ నేను మాత్రమే చెయ్యగల పని ఏదో ఉంటుందని వచ్చా అంటుంది. కగారి మండిపోతాడు. వాణ్ణి ఐదేళ్ళ వయసులోనే లేటెంట్ క్రిమినల్ అని తేల్చేశారు, ఐదేళ్ళు, మన దగ్గర యూకేజీ. నాకైతే ఎంసెట్ కౌన్సెలింగ్ రోజులు గుర్తొచ్చాయి, మంచి ర్యాంకు వచ్చిన ఫ్రెండు పక్కన కూర్చుని ఏ కాలేజీ పెట్టాలో తేల్చుకోలేకపోతున్నా రా అని నిట్టూరుస్తుంటే, వెబ్ ఆప్షన్స్‌లో పెట్టడానికి నాకు మిగిలిన కాలేజీలు ఒక చేతి వేళ్ళ మీద లెక్కెట్టొచ్చు. కగారి ముఖం చూసినప్పుడు అది ఏ ముఖమో నాకు వెంటనే తెలిసిపోయింది.

ఎపిసోడ్ చివర్లో కోగామీ అకానె మాట్లాడుకుంటారు, ఆమె కాల్చిందని వాడికి కోపం లేదు, పైగా అన్నాళ్ళూ ఆలోచించకుండా చంపుతున్నానని వాడికే అప్పుడు తట్టినట్టుంటుంది. ఆ సీన్‌కి లవ్ ట్రాక్ మొదలైంది అనుకుంటే మీ ఇష్టం, నేనూ అనుకున్నా. ఆ ఆశ పెట్టుకోకుండా చూస్తే ఇంకా బాగుంటుంది, అంతవరకే చెప్తా.

మూడోది డ్రోన్ ఫ్యాక్టరీ కేసు, నా లెక్కలో మొదటి ఐదింటిలో ఇదే బెస్ట్, జనం దీని గురించి తక్కువ మాట్లాడతారెందుకో. బయటి నెట్‌వర్క్ లేని ఫ్యాక్టరీ, పనివాళ్ళు లోపలే ఉంటారు, బయటికి పోరు, వినోదం లేదు, అయినా అందరి హ్యూ శుభ్రంగా ఉంటుంది. ఎలా అంటే అందరూ కలిసి ఒకణ్ణి ఏడిపిస్తారు. వాడొక్కడు నలిగితే మిగతావాళ్ళందరూ తేలికపడతారు, మేనేజర్‌కి అంతా తెలుసు, అదొక పద్ధతిలా నడుపుతున్నాడు. హాస్టల్లో, ఆఫీసులో అలాంటి ఒకణ్ణి చూడని తెలుగువాడు ఉంటాడా చెప్పండి, ప్రతి బ్యాచ్‌కీ ఒకడుంటాడు, జోకులన్నీ వాడి మీదే. ఇంకో తమాషా, నెట్‌వర్క్ లేదు కాబట్టి అక్కడ డామినేటర్ పనిచెయ్యదు. సిబిల్‌తో కనెక్షన్ లేకపోతే ఆ గన్ ఉత్త ఇనప ముక్క. పోలీసులకి సిగ్నల్ ఉంటేనే న్యాయం.

నాలుగు ఐదు కలిపి ఒకే రాత్రి చూడండి, రెండూ ఒకటే కేసు, ఆన్‌లైన్ అవతార్లు, మాస్కుల వెనక ఎవరున్నారో ఎవరికీ తెలియని చాట్ రూములు. 2012లో తీసింది కాబట్టి ఆ అవతార్ల గ్రాఫిక్స్ ఇప్పుడు కొంచెం పాతగా అనిపిస్తాయి. కానీ ఒకరి అకౌంటు ఇంకొకరు నడుపుతుంటే అభిమానులు గుర్తుపట్టకపోగా ఇప్పుడే బాగున్నాడు అనడం, అది మాత్రం పాతబడలేదు. ఆరు ఏడు ఎనిమిది ఆడపిల్లల బోర్డింగ్ స్కూల్ కేసు. ముందే చెప్తున్నా, శవాలతో చేసేది చూడలేకపోవచ్చు, తింటూ చూడొద్దు, హాల్లో టీవీకి కనెక్ట్ చేసి అస్సలు పెట్టొద్దు, బొమ్మలే కదా అని పిల్లలు వచ్చి కూర్చుంటారు, ఆ తర్వాత అమ్మతో మీరే పడాలి. మరీ కష్టమైతే ఆ చోట్ల చూపు కింది సబ్‌టైటిల్ మీద పెట్టుకుని లాగించెయ్యండి కానీ ఎపిసోడ్ స్కిప్ కొట్టొద్దు, కేసు వెనక ఎవరున్నారో అక్కడే తెలియడం మొదలవుతుంది.

పదకొండోది చూసే రోజు మాత్రం పొద్దున్నే ఆఫీసు లేకుండా చూసుకోండి. కథ అక్కడ సగానికి వస్తుంది, అందులో అకానె చేతిలో డామినేటర్ ఉంటుంది, ఎదురుగా మనిషి ఉంటాడు, ఇంతకంటే చెప్పను. అది చూశాక మొదటి ఎపిసోడ్‌లో రాసుకున్న మూడు లైన్లు తీసి చదువుకోండి. నేను మూడోది కొట్టేశా.

తీసినవాళ్ళ గురించి రెండు మాటలు, ఎందుకంటే తెలిస్తే కొన్ని విషయాలు వేరేగా కనిపిస్తాయి. స్టూడియో ప్రొడక్షన్ ఐ.జి., డైరెక్టర్ నవొయొషి షియోతాని, పైన చీఫ్ డైరెక్టర్ కత్సుయుకి మోతోహిరో, ఆయన మామూలు మనుషులతో తీసిన జపనీస్ పోలీస్ సీరియల్‌తో పేరు తెచ్చుకున్నాయన, అనిమే మనిషి కాదు. అందుకే సైన్స్ ఫిక్షన్ గన్లు ఎన్నున్నా, స్టేషన్‌లో పాత కొత్త పోలీసుల మధ్య చిరాకులు, రిపోర్టు రాయాలి రా బాబూ అన్న ఏడుపు, ఇవి అచ్చం మామూలు పోలీసు సీరియల్‌లాగే ఉంటాయి. మసావోకా అని ముసలాయన ఉంటాడు, సిబిల్ రాకముందు నుంచీ డిటెక్టివ్, మొదటి రోజే అకానెకి నువ్వు చదివొచ్చింది ఇక్కడ పనికిరాదమ్మా అన్నట్టు చెప్తాడు, మన సినిమాల్లో రిటైర్మెంట్ దగ్గరున్న హెడ్ కానిస్టేబుల్ ఉంటాడే, అదే రకం, ఆయన కనపడితే నాకు ప్రాణం లేచొచ్చేది. కథ రాసింది గెన్ ఉరొబుచి, పాత్రల్ని ప్రేమగా పెంచి తర్వాత మన గుండె మీద కొట్టే రకం అని ఆయనకి పేరు, కాబట్టి ఎవర్నీ మరీ ఎక్కువ ఇష్టపడకండి. యూగో కన్నో మ్యూజిక్. ఓపెనింగ్ పాట మొదట గోలగా ఉంటుంది, లింగ్ తోసితే షిగురే అనే రాక్ బ్యాండ్‌ది, మూడోసారికి నోటికొచ్చేస్తుంది, అర్థం మాత్రం అడక్కండి.

అన్నీ పొగడ్తలే అయితే మీరు నమ్మరు, నాకు నచ్చనివి కూడా ఉన్నాయి. ఇందులో అందరూ పుస్తకాలు బాగా చదివినవాళ్ళే, విలన్ అయితే మరీను, ఒక పక్క మనిషి చస్తుంటే ఇంకో పక్క ఫిలాసఫీ పాఠం నడుస్తుంది, రెండు మూడు చోట్ల ఇక చాల్లే సార్ అనిపించింది. మొదట్లో వచ్చే కేసుల్లో నరకం అనుభవించేది ఎక్కువగా ఆడవాళ్ళే, అకానె లాంటి పాత్ర రాసినవాళ్ళు అక్కడ కొంచెం ఆలోచించాల్సింది. ఇంకా 18వ ఎపిసోడ్ టీవీలో వచ్చినప్పుడు బొమ్మలు బాగా దిగజారాయి, ముఖాలు వంకరపోయాయి, డిస్కులు వేసేటప్పుడు దిద్దారు, మీకు పాత టీవీ ప్రింట్ దొరికితే మీ కళ్ళద్దాల తప్పు కాదని తెలుసుకోండి.

సిరీస్ పిచ్చి పట్టాక బయట కూడా ఒక జబ్బు పట్టుకుంటుంది, చెప్పలేదనొద్దు. నేను ఒకరోజు బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ టవర్ల ముందు సిగ్నల్ దగ్గర ఆగా, 2022లో మొదలుపెట్టిన ఆ అద్దాల బిల్డింగులే, పైన కెమెరా చూసి ముఖం ఆటోమేటిగ్గా ప్రశాంతంగా పెట్టేసుకున్నా. హ్యూ శుభ్రంగా కనపడాలి కదా. వెనక ఆటో అతను హారన్ కొడితే గానీ తేరుకోలేదు, గ్రీన్ పడి ఎంతసేపైందో.

మొదటి సీజన్ అయిపోయాక ఇంకా కావాలంటే వచ్చిన వరుసలోనే వెళ్ళండి, అంతకంటే తెలివి చూపించొద్దు. 2014లో రెండో సీజన్ 11 ఎపిసోడ్లు, వేరే స్టూడియో, వేరే రైటర్లు, చాలామంది తిడతారు, నేను సగం ఒప్పుకుంటా. 2015 సినిమా. 2019లో మూడు చిన్న సినిమాలు, ఒక్కోటి ఒక్కో పాత్ర మీద. అదే ఏడాది చివర్లో మూడో సీజన్, 8 ఎపిసోడ్లే కానీ ఒక్కోటి ముప్పావు గంట, దాని ముగింపు 2020లో విడిగా వచ్చింది. 2023 సినిమా కథ ప్రకారం మూడో సీజన్‌కి ముందు జరుగుతుంది, కాబట్టి దాన్ని ముందు చూడాలా తర్వాత చూడాలా అని ఫ్యాన్స్ కొట్టుకుంటుంటారు, నేను తర్వాతే చూసా, మూడో సీజన్ అంతా దానికి ముందు ఏం జరిగి ఉంటుందా అని బుర్ర గోక్కోవడంలో ఒక మజా ఉంది, అది పోగొట్టుకోవద్దు.

మా తమ్ముడు మెట్రో మానేసి ఆదివారం ఇంట్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. మొదటి ఎపిసోడ్ అవ్వగానే వాడి నోట్స్ స్క్రీన్‌షాట్ పంపాడు. ఒకటి, కోగామిని కాల్చేవాణ్ణి కాదు, సీనియర్ కదా. రెండు, హీరో కోగామి, ఆ అమ్మాయి రెండు మూడు ఎపిసోడ్ల తర్వాత సైడ్ అయిపోద్ది. మూడు, అలాంటి ఊరు ఉంటే వీసా ఎక్కడ అప్లై చెయ్యాలి. స్క్రీన్‌షాట్ సేవ్ చేసుకున్నా, ఏమీ అనలేదు. నిన్న రాత్రి ఒంటిగంటన్నరకి మెసేజ్ వచ్చింది, "పదకొండు అయింది, ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చెయ్యి అన్నా."